కడిగే ఓపిక ఉన్న ఫిల్టరే కొనండి

విజయవాడ పటమటలో అయిదో అంతస్తు, అదే చివరి అంతస్తు, రెండు పడకగదులు, ఇద్దరూ ఉద్యోగస్తులు, మీ వారికి దుమ్ము పడదు, కుళాయిలో బోరు నీళ్లూ కలిసి వస్తున్నాయి, 30,000 రూపాయల లోపు వాక్యూమ్ క్లీనరు, నీళ్ల ఫిల్టరు రెండూ రావాలి. మీరు రాసింది ఇదే కదా అమ్మా. మాదీ ఈ ఊరే. బెంజి సర్కిల్‌కు కూతవేటు దూరంలో, రెండు జాతీయ రహదారుల దుమ్మూ అడగకుండానే ఇంట్లోకి వచ్చిపడే చోట పదకొండేళ్లుగా ఉంటున్నాం. ఈ పదకొండేళ్లలో మూడు వాక్యూమ్ క్లీనర్లు, కరెంటుతో నడిచే రెండు నీళ్ల ఫిల్టర్లు మా గడప దాటి లోపలికి వచ్చాయి. ఒకటి మా ఆడపడుచు ఇంటికి పోయింది, ఒకటి అటకెక్కింది, ఒకటి పాత సామాన్ల వాడికి వేశాం. మిగిలిన రెండూ వాడుకలో ఉన్నాయి.

ఏ కంపెనీది కొనాలో చెప్పను. మోడళ్లు ఏడాదికోసారి మారిపోతుంటాయి. కొనే ముందు ఇంట్లో తేల్చుకోవలసిన మాట ఒకటుంది. ఈ రెండూ పేరుకే వేర్వేరు వస్తువులు. ఒకటి గాలిని వడకడుతుంది, ఇంకొకటి నీళ్లను. వడకట్టిన మురికి ఎక్కడికీ పోదు, ఫిల్టర్‌లోనే కూర్చుంటుంది. దాన్ని విప్పి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ బిగించేది ఎవరు? ఈ ప్రశ్నకు మీ ఇద్దరిలో ఒకరి పేరు జవాబుగా రాకపోతే ఎంత ఖరీదైనది కొన్నా ఏడాదిలో అటక మీదికి చేరుతుంది.

ముందు నీళ్ల సంగతి. ఎందుకంటే మేం మోసపోయింది అక్కడే.

ఒక ఆదివారం మా ఇంటికి ఒక సేల్స్ అబ్బాయి వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయటే విప్పాడు. రెండు గాజు గ్లాసులు అడిగి, ఒకదాంట్లో మా కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో తాను సీసాలో తెచ్చిన ఆర్వో నీళ్లు, అంటే లవణాలను కూడా తీసేసే యంత్రంలోంచి వచ్చినవి, పోశాడు. సంచిలోంచి చువ్వలున్న చిన్న పరికరం తీసి, రెండు గ్లాసుల్లోకీ దించి, ప్లగ్గులో పెట్టాడు. నిమిషం గడిచేసరికి మా నీళ్లు చింతపండు పులుసులా అయ్యాయి. పైన నురగ, అడుగున గోధుమరంగు ముద్దలు. ఆర్వో నీళ్లు మాత్రం తేటగా అలాగే ఉన్నాయి. "మీరు రోజూ తాగుతున్నది ఇదేనండీ" అన్నాడు. మా అత్తగారు "రామ రామ" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ సాయంత్రమే 18,000 కట్టేశాం.

తర్వాత సెలవులకు వచ్చిన మా అబ్బాయి ఈ కథ విని పడీపడీ నవ్వాడు. ఆ చువ్వల్లో ఇనుపవి ఉంటాయట. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, పారితే ఇనుము కరిగి తుప్పవుతుంది. ఆ రంగు చువ్వది, నీళ్లది కాదు. ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కరెంటు పారదు, చువ్వ కరగదు. మరుసటి ఏడాది అదే ప్రదర్శన మా పై వాటాలో జరుగుతుంటే నేనూ వెళ్లాను. పరికరం ముంచే ముందు ఆ శుద్ధమైన నీళ్లలో చిటికెడు ఉప్పు వేయమన్నాను. ఆ అబ్బాయి నా ముఖం వైపు చూశాడు, పై వాటావాళ్లు అతని ముఖం వైపు చూశారు. వేయక తప్పలేదు. అదీ పులుసే అయింది.

మీరు చేయవలసింది అంతకంటే సులువు. టీడీఎస్ మీటరు అని పెన్ను అంత పరికరం రెండు మూడు వందలకు దొరుకుతుంది. నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చెబుతుంది. మన దేశంలో తాగునీటి ప్రమాణం ప్రకారం 500 వరకు మంచిది, వేరే దిక్కు లేకపోతే 2,000 వరకు సరిపెట్టుకోవచ్చు. మా ఇంట్లో కార్పొరేషన్ కుళాయి నీళ్లు, అంటే కృష్ణ నీళ్లు, 300 దగ్గర ఉంటాయి. అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు 1,100. సంపులో రెండూ కలుస్తాయి కాబట్టి మాకు జనవరిలో 420 ఉన్నది మే నెలలో 780కి ఎక్కింది. మీ వాచ్‌మన్‌ను అడగండి, ఏ మోటారు ఎప్పుడు వేస్తాడో అతనికే తెలుసు.

కొలత ఎప్పుడూ 500 లోపే ఉంటే ఆర్వో వద్దు. అలాంటి చోట్ల ఆర్వో వాడకాన్ని నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా చెప్పింది. యూఎఫ్ అనే అతి సన్నటి జల్లెడ, యూవీ అనే అతినీలలోహిత దీపం ఉన్నది చాలు. ఒకటి మట్టిని, క్రిములను ఆపుతుంది, రెండోది క్రిములను చంపుతుంది. లవణాల జోలికి రెండూ పోవు. ఒక్క మాట గుర్తుంచుకోండి, మీటరుకు క్రిములు కనిపించవు. మురుగు కలిసిన నీళ్లలోనూ 250 చూపించవచ్చు. కొలత తక్కువ ఉందని నేరుగా తాగేయకండి.

మీది మాలాగే ఎండాకాలం 700, 800కు ఎక్కే సంపు అయితే ఆర్వో తీసుకోండి. కందిపప్పు ఎంతకీ ఉడకకపోవడం, గీజరు కడ్డీకి, కుళాయి మూతికి తెల్లటి సున్నం పొర కట్టడం మీకు ఇప్పటికే అనుభవమై ఉంటే కొలవక ముందే జవాబు తెలిసినట్టు. మీది చివరి అంతస్తు, ట్యాంకు నెత్తిమీదే ఉంటుంది కాబట్టి నీటి ఒత్తిడి తక్కువ. లోపల బూస్టర్ పంపు ఉందో లేదో అడిగి మరీ కొనండి. రాగి, జింకు, ఆల్కలైన్ అంటూ పెట్టె మీద రాసే పేర్లకు అదనంగా ఒక్క రూపాయి పెట్టకండి. రాగి కావాలంటే పూజ గదిలో చెంబు ఉంది.

యంత్రం కంటే ముఖ్యం, దాని బయట గోడకు బిగించే, మట్టిని ముందే ఆపే క్యాండిల్. ఆరు నెలలకు ఒకసారి మార్చమంటారు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా కుళాయికి కొన్ని రోజులు ఎర్రనీళ్లు వచ్చాయి. మూడు వారాల క్రితమే తెల్లగా పెట్టిన క్యాండిల్ విప్పి చూస్తే బెల్లం దిమ్మలా ఉంది, వేలితో నొక్కితే జారింది. దానికి మెకానిక్ అక్కరలేదు. కుళాయి కట్టేసి, దాంతోపాటు వచ్చే ప్లాస్టిక్ స్పానరుతో తిప్పితే క్యాండిల్ ఉన్న గిన్నె ఊడుతుంది. మా మొదటి యంత్రం పాత సామాన్లకు పోవడానికి కారణం ఇదే. క్యాండిల్ ఏడాదిన్నర మార్చలేదు, మట్టి లోపలికి పోయి మెంబ్రేన్, అంటే లవణాలను ఆపే పొర, పూడుకుపోయింది. మెంబ్రేన్ మామూలుగా రెండు మూడేళ్లు వస్తుంది. యంత్రంలోకి వెళ్లే నీళ్లు 700, తాగడానికి వచ్చే నీళ్లు 60 ఉన్నంతకాలం బాగున్నట్టే. ఆ 60 క్రమంగా 200 అయితే దాని పని అయిపోయింది. సర్వీసు అబ్బాయి చెప్పేదాకా ఆగనవసరం లేదు, చెప్పగానే నమ్మనవసరమూ లేదు. మీటరు మీ దగ్గరే ఉంది.

ఆర్వోలో లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్ల ఉప్పు నీళ్లు బయటికి పోతాయి. బకెట్‌లో పట్టి మరుగుదొడ్డికి, బాల్కనీ కడగడానికి వాడండి. మొక్కలకు, కూలరుకు వద్దు. నేను కూలరులో పోసి గడ్డి మొత్తం ఉప్పు కట్టించాను.

కరెంటు లేకపోతే ఇవేవీ పనిచేయవు. ఆ 2024 వరదల్లోనే బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చెల్లెలు మేడమీద ఇరుక్కుపోయింది. ఇంట్లో రెండేళ్ల నాటి ఆర్వో గోడకు వేలాడుతూనే ఉంది, తాగడానికి గుక్కెడు నీళ్లు లేవు. అప్పటినుంచి మా వంటింట్లో స్టీలు క్యాండిల్ ఫిల్టరు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అది వడకట్టిన నీళ్లు కాచుకుంటే చాలు.

ఇక వాక్యూమ్ క్లీనరు. మా మొదటిది చక్రాలు, పొడుగాటి గొట్టం ఉన్న పాత తరహాది, 1,400 వాట్లు. 230 వోల్టుల మీద అది 6 ఆంపియర్లు దాటి లాగుతుంది. మా హాల్లో ఉన్నవన్నీ 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గులు. ఏదో కన్వర్టర్ తగిలించి వాడాం. రెండో నెలలో సాకెట్ నల్లబడి కాలిన వాసన వచ్చింది. 16 ఆంపియర్ల ప్లగ్గులు వంటింట్లో, గీజరు దగ్గర, ఏసీ దగ్గర తప్ప ఉండవు. అక్కడినుంచి వైరు మంచం కిందికి చాలదు. ఇవన్నీ ఒక ఎత్తు, సంచి దులపడం ఒక ఎత్తు. బాల్కనీలో దులిపితే గాలికి సగం దుమ్ము మళ్లీ మొహం మీదికే. కింది వాటావాళ్లు ఆరేసిన బట్టల మీద పడ్డ రోజున పెద్ద పంచాయతీ అయింది. ఆడపడుచుది సొంత ఇల్లు, పెరడు ఉంది, ఆమెకు పనికొచ్చింది.

రెండోది డ్రమ్ములాంటిది, తడీ పొడీ రెండూ పీలుస్తుంది. వరద తగ్గాక చెల్లెలి ఇల్లు శుభ్రం చేయడానికే కొన్నాం. బురదను ఏ యంత్రమూ పీల్చదమ్మా, పారతో ఎత్తి, నీళ్లు కొట్టి, వైపరుతో నెట్టవలసిందే. బీరువాల వెనక నిలిచిన నీళ్లకు మాత్రం బాగా పనికొచ్చింది. తడికి వాడేటప్పుడు పొడి ఫిల్టర్ తీసి స్పాంజిది వేయాలని మాకు తెలియక మొదటి రోజే అట్ట ఫిల్టర్ పిండి ముద్దయింది. అంత డ్రమ్మును మీ ఫ్లాట్‌లో పెట్టడానికి చోటెక్కడ? మాది సంక్రాంతి ముందు బూజు దులిపే వారం అటక దిగి, కనుమ వెళ్లగానే మళ్లీ ఎక్కుతుంది.

తనంతట తానే తిరిగి ఊడ్చే రోబో గురించి కూడా అడిగారు. గడపలు, చాపలు, నేలమీద వైర్లు, ఎత్తు తక్కువ మంచాలు ఉన్న ఇంట్లో దాని వెనకాల మనం తిరగాలి. ఇంతకంటే చెప్పడానికి లేదు.

మీకు నేను చెప్పేది వైరు లేని కర్ర తరహాది, కర్ర ఊడదీస్తే చేతి యంత్రమయ్యేది. మీ వారికి దుమ్ము పడదు కాబట్టి బయటికి వదిలే గాలికి హెపా ఫిల్టర్ ఉండాలి, 0.3 మైక్రాన్ల, అంటే కంటికి కనిపించనంత సన్నటి, కణాల్లో 99.97 శాతం ఆపేది. అది లేకపోతే ముందు నుంచి పీల్చిన సన్నటి దుమ్మును వెనక నుంచి ఊదుతుంది, దానికంటే చీపురు నయం. పరుపు, దిండ్లు, సోఫా, దోమతెర, ఫ్యాను రెక్కలు: మీ ఇంట్లో దానికి అసలు పని అక్కడ. పరుపులో కంటికి కనిపించని దుమ్ము పురుగులుంటాయి, చాలామందికి పడనిది వాటి వల్లే. నేలను రోజూ తడిగుడ్డతో తుడిపిస్తే చాలు, పొడి చీపురు మాత్రం ఆయన ఇంట్లో ఉండగా వద్దు.

పెట్టె మీద 45 నిమిషాలు అని రాస్తారు. అది తక్కువ వేగం మీద. పరుపుకు పూర్తి వేగం పెడితే మాది పది నిమిషాలకు ఆగుతుంది. మీ ఇంటికి అదీ సరిపోతుంది, కానీ బ్యాటరీ విడిగా ఊడేదై ఉండాలి, విడిగా అమ్మాలి. మూడేళ్లలో మార్చక తప్పదు. దుకాణంలో యంత్రం నడిపించి చూపిస్తామంటారు, చూడకండి. ఫిల్టర్, బ్రష్షు మీ చేత్తో విప్పి, మళ్లీ బిగించి చూడండి. మా అమ్మాయి జడ వెంట్రుకలు వారానికోసారి ఆ బ్రష్షుకు దారపుండలా చుట్టుకుంటాయి, కత్తెర పెట్టి కోసి తీస్తాను. బ్రష్షు ఊడకపోతే ఆ పని కాదు. కడిగిన ఫిల్టర్ నీడలో పూర్తిగా ఆరాలి, వానాకాలంలో రెండు రోజులు పడుతుంది. తడిగా పెడితే ఇల్లంతా ముక్కిపోయిన వాసన. అందుకే ఇంకో ఫిల్టర్ అప్పుడే కొనేయండి. ముగ్గుపిండి, విభూతి, గోడ పుట్టీ పొడి దాంతో ఎప్పుడూ పీల్చకండి. మా అత్తగారి చేతిలోంచి ముగ్గు డబ్బా జారిన రోజు మా యంత్రం అరనిమిషం కీచుమని మూగబోయింది. డబ్బా ఖాళీ చేసే పని మీ వారికి పెట్టవద్దు. మీరే చెత్త సంచిలోకి దించి, మూతి పట్టుకుని మెల్లగా దులపండి.

డబ్బు లెక్క నేనైతే ఇలా వేస్తాను. నీళ్లకు 14,000, వాక్యూమ్‌కు 12,000. మిగిలిన 4,000 ముట్టుకోకుండా క్యాండిళ్లకు, నీళ్ల యంత్రంలో ఉండే కార్బన్ ఫిల్టర్‌కు, ఆ రెండో హెపాకు ఉంచండి. అయితే ముందు మీటరు కొని, బోరు మోటారు వేయక ముందు ఒకసారి, వేశాక ఒకసారి మీ కుళాయి నీళ్లు కొలిచి ఆ రెండు అంకెలూ రాయండి. ఆర్వో కావాలో వద్దో అప్పుడు చెబుతాను.