క్షమించకపోతే బల్లకు రాకూడదా?

ప్రశ్న: నా వయసు 49. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. ఆరేళ్ల క్రితం మా వారి అక్క, అంటే మా వదిన, కూతురి పెళ్లికని నా 6 కాసుల గొలుసు, 4 గాజులు తీసుకెళ్లి తాకట్టు పెట్టింది. తిరిగి ఇవ్వలేదు. గట్టిగా అడిగితే, స్త్రీల సమాజంలో అందరూ వింటుండగా ‘అది మా అమ్మ బంగారం, దానిది కాదు’ అంది. అది మా పుట్టింటివారు పెట్టిన బంగారం. అప్పటి నుంచి మాటలు లేవు. ఇద్దరం ఒకే గుడికి వెళతాం. కోపం ఉంచుకుని తీసుకోకూడదని మూడేళ్లుగా నేను ప్రభువు బల్లకు, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారానికి, దూరంగా ఉన్నాను. ఈ ఈస్టర్ ఆరాధనలో సంఘం ముందు మేమిద్దరం చేతులు కలపాలని, క్షమించనివారికి క్షమాపణ దొరకదని మా పాస్టరు అయ్యగారు అంటున్నారు. నిరుడు ఈస్టర్ తెల్లవారుజామున అత్తగారి సమాధి దగ్గర నా కొవ్వొత్తి గాలికి ఆరిపోతే, వదిన తన కొవ్వొత్తి నా వైపు చాచింది. నేను ముఖం తిప్పుకుని అగ్గిపుల్ల గీసుకున్నాను. అది మరిచిపోలేకపోతున్నాను. నేను పాపినా?

జవాబు: అమ్మా, ఉత్తరంలో మీరు చివరగా రాసిన కొవ్వొత్తి సంగతి దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. మా ఊళ్లోనూ ఈస్టర్‌కు ముందురోజు సమాధులకు సున్నం వేస్తారు. చీకటి ఉండగానే బంతిపూలతో, కొవ్వొత్తులతో వెళతాం. గాలికి ఆరిన ప్రతిసారీ పక్కవారి దగ్గర ముట్టించుకోవడం చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైన పని. ఆ అలవాటును కాదని మీ చెయ్యి అగ్గిపెట్టె వెతుక్కుందంటే, లోపల గాయం ఎంత పచ్చిగా ఉందో నాకు అర్థమైంది.

ముందు బల్ల సంగతి. కొరింథు సంఘానికి రాసిన పత్రికలో పౌలు, ప్రతి మనిషీ తనను తాను పరీక్షించుకుని ఆ రొట్టె తినాలి అన్నాడు. పరీక్షించుకుని మానేయమని అనలేదు. చివరి భోజనం నాటి రాత్రి మేడగదిలో, తెల్లవారేలోగా తనను ఎరగనని బొంకబోయే శిష్యుడు పేతురుకు కూడా ప్రభువు రొట్టె ఇచ్చాడు. పూర్వం రోము సంఘంలో ఘోరమైన తప్పు చేసినవారిని, ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల శ్రమల కాలమంతా బల్లకు దూరంగా ఉంచి, ఈస్టర్‌కు ముందు గురువారం నాడు తిరిగి చేర్చుకునేవారు. అలా దూరంగా ఉంచింది అన్యాయం చేసినవారిని. మీరేమో అన్యాయానికి గురై, మీకు మీరే శిక్ష వేసుకున్నారు. ఈ ఆదివారమే బల్ల దగ్గరికి వెళ్లండి. కోపం పూర్తిగా పోయాక వెళదామనుకుంటే ఆ రోజు ఎప్పటికీ రాకపోవచ్చు.

బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి, వెళ్లి సమాధానపడమన్న మత్తయి సువార్త ఐదో అధ్యాయంలోని మాట మీకు చాలామంది వినిపించి ఉంటారు. దాన్ని నిదానంగా చదవండి. ‘నీ సహోదరునికి నీమీద విరోధమేమైనను కలదని’ గుర్తొస్తే అని ఉంది. అంటే ఎవరి మీద ఫిర్యాదు ఉందో వారే ముందు లేచి వెళ్లాలి. బంగారం విషయంలో ఆ నడక మీ వదినది. మన సంఘాల్లో ఈ వాక్యాన్ని ఎప్పుడూ నష్టపోయినవారికే చెబుతుంటారు. అది నాకు బాధగా ఉంటుంది.

అయ్యగారి ఉద్దేశం మంచిదే అయినా పద్ధతి తిరగబడింది. మత్తయి 18లో ప్రభువు చెప్పిన వరుస వేరు: మొదట ఇద్దరే ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరు సాక్షులతో, సంఘం ఆ తరువాతే. అందరి ముందు చేతులు కలిపితే చూసేవారికి సంతోషంగా ఉంటుంది, ఇంటికి వెళ్లాక మీరు మాత్రం మళ్లీ మౌనంగానే ఉంటారు. ఆదివారానికి ముందే వెళ్లి ఆయనకు చెప్పండి: “అయ్యగారూ, సమాధానపడటానికి నేను సిద్ధం. ముందు మీ ఇంట్లో, మీరూ అమ్మగారూ ఉండగా వదినతో మాట్లాడతాను.”

అక్కడ రెండు విషయాలు కలిపేయకండి. బంగారం ఒకటి, ఆ మాట ఇంకొకటి. మాట స్త్రీల సమాజంలో అన్నారు కాబట్టి దిద్దుకోవలసిందీ అక్కడే. కన్నీళ్లు, కాళ్లు పట్టుకోవడాలు ఏవీ వద్దు. ‘ఆ బంగారం మా మరదలిదే, నేను తప్పు మాట్లాడాను’ అని ఒక్క ముక్క చాలు. బంగారం ఒకేసారి ఇవ్వలేకపోతే కొంచెం కొంచెంగా ఇవ్వమనండి. అడగడం క్షమకు విరుద్ధం కాదు. సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య ఎవరూ అడగకుండానే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. వదులుకోవాలని మీకే అనిపిస్తే వదులుకోండి, కానీ ఎవరో తొందరపెట్టారని మాత్రం వద్దు. అది మీది అని ఆమె ఒప్పుకోకముందే వదిలేయడం మంచిదని నేననుకోను. ఒకసారి వదిలేశాక మాత్రం ప్రతి పెళ్లికీ ఆ లెక్క మళ్లీ తీయకూడదు.

ఇంకో సంగతి. ఇంత ఉత్తరంలో మీ వారు ఎక్కడా నోరు విప్పలేదు. ఆ బంగారం ఎవరిదో ఆయనకు తెలుసు. తన తల్లి పేరు చెప్పి తన అక్క ఆ మాట అన్నప్పుడు ఆయన ఏమన్నారు? ఆరేళ్లుగా మిమ్మల్ని ఎక్కువ నొప్పించింది వదిన మాటో, ఆయన మౌనమో ఒకసారి చూసుకోండి. భోజనాలయ్యాక, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు అడగండి. అయ్యగారి ఇంటికి ఆయన కూడా రావాలి. అక్కకూ భార్యకూ మధ్య నిలబడటం ఆయనకు కష్టమే, కాదనను. కానీ ఆయన రాకపోతే అక్కడ నిజం చెప్పే భారమంతా మళ్లీ మీ ఒక్కరి మీదే పడుతుంది.

తిబెరియ సముద్రతీరాన, మరణం నుంచి లేచిన ప్రభువు పేతురుకు ఎదురైనప్పుడు నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధం చేసి పెట్టాడు. ముందు తినమన్నాడు. తిన్నాక ‘నన్ను ప్రేమిస్తున్నావా’ అని మూడుసార్లు అడిగాడు. మంట దగ్గర మూడుసార్లు బొంకినవాణ్ణి మళ్లీ నిప్పుల దగ్గరే మూడుసార్లు అడిగాడు. పేతురు మనసు కష్టపడింది. అయినా ప్రభువు ఆ ప్రశ్న దాటవేయలేదు, రొట్టె ఇవ్వడమూ ఆపలేదు. మీరు చేయవలసింది కూడా ఈ రెండూ కలిసిన పనే.

మీరు పాపినా అని అడిగారు. కోపం వచ్చినందుకు కాదు. కొవ్వొత్తి దగ్గర ముఖం తిప్పుకున్నది మాత్రం మీ మనసే ఒప్పుకోవడం లేదు, అందుకే ఏడాదిగా మోస్తున్నారు. ఆ ఒక్కదానికీ బంగారంతో ముడి పెట్టకుండా వదినకు చెప్పేయండి: ‘ఆ రోజు నేను అలా తిరిగిపోకుండా ఉండాల్సింది.’ ఆమె ఏం జవాబిస్తుందో మీ చేతిలో లేదు. ‘శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు’ అందరితో సమాధానంగా ఉండమనే పౌలు కూడా రోమా పత్రికలో రాశాడు.

తొందర అక్కర్లేదు. 2026లో ఈస్టర్ ఏప్రిల్ 5న, పెంతెకొస్తు పండుగ మే 24న. ఆ ఏడు వారాలూ పునరుత్థాన కాలమే. అయ్యగారి ఇంట్లో మాటలకు అంత వ్యవధి ఉంది. ఈస్టర్ తెల్లవారుజామున అత్తగారి సమాధి దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం, అగ్గిపెట్టె ఇంట్లోనే ఉంచి వెళ్లండి.