ఆఫీస్ తీసేసినా పోని ఫైళ్లు

ప్రశ్న: విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2016 తీసేసి 2021 వేశాం. అయినా వర్డ్ తెరవగానే పాత ఎర్రరే వస్తోంది. డిస్క్‌లో ఖాళీ కూడా అనుకున్నంత పెరగలేదు. మిగిలిన ఫైళ్లు ఎక్కడుంటాయి? అన్నీ తీసెయ్యొచ్చా?

జవాబు: అన్నీ తీసెయ్యకండి. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే పోయేది ఇన్‌స్టాలర్ తెచ్చిపెట్టిన సరుకు మాత్రమే. మీ వాడకంలో తయారైన టెంప్లేట్లు, సెట్టింగులు, మెయిల్ ఫైళ్లు యూజర్ ఫోల్డర్‌లో అలాగే ఉంటాయి. పైగా 2016, 2021 రెండింటి లోపలి నంబరూ 16.0. అందుకే కొత్తది పాత సెట్టింగులనే అందుకుంది.

వర్డ్ మూసేసి, విండోస్ కీతో పాటు ఆర్ నొక్కండి. వచ్చిన పెట్టెలో యాప్‌డేటా అని ఇంగ్లిష్‌లో, ముందూ వెనకా శాతం గుర్తు పెట్టి టైప్ చేస్తే రోమింగ్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో మైక్రోసాఫ్ట్, దానిలో వర్డ్, దానిలో స్టార్టప్. ఇక్కడ ఏ యాడ్-ఇన్ (వర్డ్‌కు అదనపు పనులు చేర్చేది) టెంప్లేట్ ఉన్నా వర్డ్ తెరిచినప్పుడల్లా లోడవుతుంది. ఉన్నవాటిని వేరే చోటికి జరిపి చూడండి. ఎర్రర్ పోకపోతే, మైక్రోసాఫ్ట్ ఫోల్డర్‌లోనే ఉన్న టెంప్లేట్స్‌కు వెళ్లి నార్మల్ అనే ఫైలు పేరు మార్చండి. వర్డ్ కొత్తది తయారుచేసుకుంటుంది. పాతదాన్ని డిలీట్ చేయొద్దు. మీ మాక్రోలు, స్టైల్స్ అందులోనే ఉంటాయి. యూప్రూఫ్ ఫోల్డర్‌లో మీరు చేర్చుకున్న పదాల నిఘంటువు ఉంటుంది, దాని జోలికీ పోకండి.

అవుట్‌లుక్ వాడితే ఇంకా జాగ్రత్త. డాక్యుమెంట్స్‌లోని అవుట్‌లుక్ ఫైల్స్ ఫోల్డర్‌లో పీఎస్‌టీ ఫైలు (మెయిళ్లను మీ కంప్యూటర్‌లోనే దాచేది) ఉంటే, అందులోని మెయిళ్లకు సర్వర్‌లో కాపీ లేకపోవచ్చు. ఓఎస్‌టీ ఫైలు అలా కాదు, అది సర్వర్‌లోని మెయిళ్లకు కాపీ; సర్వర్‌కు చేరినవన్నీ మళ్లీ దిగుతాయి.

ఇక డిస్క్ సంగతి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కింద ఉన్న రూట్ ఫోల్డర్ ఇప్పుడు మీ 2021దే, ముట్టుకోకండి. పాతది ఎంఎస్ఐ అనే పాత రకం ఇన్‌స్టాలర్‌తో వేసినదైతే సీ డ్రైవ్‌లో ఎంఎస్ఓకాష్ అనే దాచిన ఫోల్డర్ మిగిలి ఉండొచ్చు. అదే రకంగా వేసిన విజియో, ప్రాజెక్ట్ లాంటి ఆఫీస్ ప్రోగ్రాములు లేకపోతే తీసెయ్యండి. ఉంటే మాత్రం వాటి రిపేర్‌కు అది కావాలి. విండోస్ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాలర్ అనే ఫోల్డర్ పెద్దగా కనిపిస్తుంది, చూడగానే చెయ్యి ఊరుకోదు. అందులోవి చేత్తో తీసేస్తే తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కాదు, అన్‌ఇన్‌స్టాలూ కాదు.

మొత్తం కడిగి మళ్లీ వేయాలనుకుంటే మైక్రోసాఫ్ట్ వారి ఆఫీస్ అన్‌ఇన్‌స్టాల్ టూల్ వాడి రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాత కూడా ఏదైనా ఫోల్డర్ ‘వాడుకలో ఉంది’ అని మొండికేస్తే, విండోస్ సర్వీసెస్‌లో క్లిక్-టు-రన్ (ఆఫీస్‌ను ఇన్‌స్టాల్, అప్‌డేట్ చేసే సర్వీసు) నడుస్తోందేమో చూసి ఆపండి. రిజిస్ట్రీలో (విండోస్, ప్రోగ్రాముల సెట్టింగులు ఉండే చోటు) చెయ్యి పెట్టాల్సి వస్తే ముందు ఎక్స్‌పోర్ట్ చేసుకుని, కరెంట్ యూజర్ విభాగంలో ఆఫీస్ కింద ఉన్న 16.0 ఒక్కటే తీయండి. రిజిస్ట్రీ క్లీనర్లను నమ్ముకోవద్దు.

ప్రశ్న: లిబ్రెఆఫీస్ తీసి మళ్లీ వేసినా పాత సెట్టింగులే వస్తున్నాయి. ఎందుకు?

జవాబు: కారణం యూజర్ ప్రొఫైల్, అంటే మీ సెట్టింగులు దాచే ఫోల్డర్. పైన చెప్పిన రోమింగ్‌లోనే లిబ్రెఆఫీస్, దానిలో 4, దానిలో యూజర్. ప్రోగ్రామ్ వెర్షన్ ఎంత పెరిగినా ఆ 4 మారలేదు. ఆ యూజర్ ఫోల్డర్ పేరు మార్చి ప్రోగ్రామ్ తెరిస్తే చాలు, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిన పనే లేదు.