58 ఏళ్ల వయసులో బీడీ మానితే లాభం ఉందా?

అమలాపురం దగ్గర నుంచి ఒక అమ్మాయి అడిగారు: నాన్నగారికి 58 ఏళ్లు, రోజుకి రెండు కట్టల బీడీలు, నెల నుంచి దగ్గు. "ముప్పై ఏళ్లు కాల్చాక ఇప్పుడు మానితే ఏం లాభం" అంటున్నారట.

లాభం ఉందమ్మా. మానిన ఏడాదికి గుండె జబ్బు ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది. పదేళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు కూడా అంతే.

కానీ ముందు ఆ దగ్గు సంగతి చూడండి. రెండు వారాలు దాటిన దగ్గుని "పొగ దగ్గేలే" అని వదిలెయ్యకూడదు. పొగ తాగేవాళ్లకి టీబీ వచ్చే అవకాశం ఎక్కువ. ప్రభుత్వాసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం, ఈ వారమే తీసుకెళ్లండి. కఫంలో రక్తపు చార, నోట్లో తెల్ల మచ్చ, మానని పుండు, కాస్త నడిస్తే పిక్కల నొప్పి, కాలివేలు నల్లబడటం, వీటిలో ఏది ఉన్నా దాచకుండా చెప్పించండి. కాళ్ల రక్తనాళాలు మూసుకుపోయి బీడీ కాల్చేవాళ్లకి వేళ్లు తీసెయ్యాల్సి రావడం కట్టుకథ కాదు. లంక పొగాకు చుట్ట అయితే ఏం కాదనేవాళ్లూ ఉన్నారు. పొగ లోపలికి పీల్చకపోయినా నోటి క్యాన్సర్ రావచ్చు.

ఇక నా సంగతి. మాది భీమవరం వైపు, రొయ్యల చెరువులు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కదా, ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకుంటూ గట్టు మీద కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి వెలిగించేవాణ్ని. కరెంటు పోతే ఆ టెన్షన్‌కి ఇంకో రెండు. మూడుసార్లు మానాను. ద్వారకా తిరుమలలో మొక్కుకుని మానితే పదకొండో రోజున చెరువుకి వైట్‌స్పాట్ (రొయ్యల్ని చంపే వైరస్ జబ్బు) పడింది, మళ్లీ మొదలెట్టాను. మా ఆవిడకి తెలియకూడదని జామాకు నమిలి ఇంటికెళ్లేవాణ్ని.

నాది గట్టి మనసు కాదని కుమిలిపోయాను. అది తప్పు. మెదడు పొగాకులోని నికోటిన్‌కి అలవాటు పడిపోతే, మానగానే చిరాకు, నిద్ర పట్టకపోవడం, మలబద్ధకం అన్నీ వస్తాయి. మొదటి వారం మరీ కష్టం. దానికి సాయం తీసుకోవాలి.

నాలుగోసారి, సిగరెట్ పెట్టె మీద ఉండే 1800-11-2356కి, అంటే పొగాకు మానడానికి సాయం చేసే నంబరుకి, ఫోన్ చేశాను. డబ్బులు పడవు. నాతో తెలుగులోనే మాట్లాడారు. తిట్టలేదు, "పొద్దున్న లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారండీ?" అని అడిగారు. లేచిన వెంటనే అన్నాను. మానే తేదీ నా చేతే చెప్పించారు, ఆ తర్వాత వాళ్లే ఫోన్ చేసి కనుక్కున్నారు.

పొగ మానడానికి వాడే నికోటిన్ గమ్ అంతకుముందే కొన్నాను కానీ మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేసి, గుండెల్లో మంట, ఎక్కిళ్లు వచ్చి పారేశాను. దాని పద్ధతి వేరు. నెమ్మదిగా నమలాలి, నోట్లో కారంగా, చిమచిమలాడగానే ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. ఆ మంట తగ్గాక మళ్లీ నాలుగు నమళ్లు. అలా అరగంట. నమలడానికి పావుగంట ముందు నుంచీ, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, కూల్‌డ్రింక్ తాగకూడదు, తాగితే సరిగా పనిచేయదు. నేను టీ తాగుతూనే నమిలేవాణ్ని! నాన్నగారికి ఎంత మోతాదు, గమ్మా, చర్మానికి అంటించే ప్యాచా, మాత్రలా అన్నది డాక్టరుగారే చెప్పాలి, ముఖ్యంగా బీపీ, గుండె జబ్బు ఉంటే.

పొగ తాగాలనే తహతహ కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపూ నేను లేచి గట్టు చుట్టూ తిరిగేవాణ్ని. మానాక కొన్నాళ్లు దగ్గు, కఫం పెరగొచ్చు, ఊపిరితిత్తులు శుభ్రపడుతున్నాయన్నమాట. దానికి బెదిరి మళ్లీ వెలిగించనివ్వకండి. మధ్యలో ఒకటి కాల్చినా అరవకండి, అరిస్తే నాలాగే దాస్తారు. ఆ పూట ఏం జరిగిందో అడగండి.

ఫోన్ మాత్రం నాన్నగారి చేతే చేయించండి. పక్కన మీరు కూర్చోండి.