ఆరు నెలల మెడికల్ ల్యాబ్ సర్టిఫికెట్‌కు పెట్టిన డబ్బు తిరిగొస్తుందా?

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ లాంటి చోట్ల ప్రైవేటు ల్యాబులో చిన్న ఉద్యోగానికైతే రావచ్చు, సర్కారు కొలువు కోసమైతే దండగే. ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు మామూలుగా అడిగేది గుర్తింపున్న సంస్థలో చేసిన రెండేళ్ల డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా), లేదా డిగ్రీ. ఆరు నెలల్లో రక్తం తీయడం, స్లైడు వేయడం వస్తాయి (చేతిపనిగా మంచిదే), ఆ అర్హత మాత్రం రాదు.

ఫీజు 40,000 కట్టారు, దానివల్ల జీతం నెలకు 2,000 పెరిగింది అనుకోండి. ఫీజు రాబట్టడానికే 20 నెలలు. గది అద్దె, చదివినన్నాళ్లూ పోయిన సంపాదన వేరే. ఈ రెండూ ఎవరూ లెక్కేయరు.

చాలామంది పొరబడేది ఇంకొకటి: శ్రీకాకుళంలో చదివి ఆంధ్రలో పారామెడికల్ సిబ్బందిగా నమోదైతే ఒడిశాలోనూ దానంతటదే చెల్లుతుందని. అలా ఏమీ లేదు. ఉద్యోగం ఏ రాష్ట్రంలోనో ఆ రాష్ట్రం నోటిఫికేషన్‌లో రాసిందే లెక్క.