13త్ ఫ్లోర్ ఎలివేటర్స్ బ్యాండ్ ఎందుకంత వివాదమైంది, ఇప్పటికీ ఎందుకు వింటున్నారు?

వివాదానికి కారణం ఎల్‌ఎస్‌డీ, అంటే భ్రమలు కలిగించే మత్తుమందు, దాన్ని వీళ్లు బాహాటంగా సమర్థించేవాళ్లు. 1965 చివర్లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో మొదలైన రాక్ బ్యాండ్ ఇది, రాకీ ఎరిక్సన్ పాడేవాడు, స్టేసీ సదర్లాండ్ గిటార్, టామీ హాల్ ఏమో ఒక జగ్గు మూతి దగ్గర మైక్ పట్టుకుని అందులోకి నోటితో గుడగుడమని శబ్దం చేసేవాడు, పాట వెనకాల పావురం కూసినట్టు ఆగకుండా వినిపించేది అదే. 1966లో వచ్చిన మొదటి ఆల్బమ్ పేరులోనే సైకెడెలిక్ అని ఉంది, అంటే అలాంటి మత్తు అనుభవానికి సంబంధించినది అని, పైగా అట్ట వెనక మనసు స్థితిని మార్చుకోవడం గురించి టామీ రాసింది కూడా అచ్చేశారు. ఇంక టెక్సస్ పోలీసులు ఊరుకుంటారా, వెంటపడ్డారు. 1969లో గంజాయి దొరికిందని రాకీని పట్టుకున్నారు, జైలు తప్పుతుందని మతిస్థిమితం లేదని ఒప్పుకుంటే టెక్సస్‌లోనే రస్క్ అనే ఊళ్లో మానసిక ఆసుపత్రిలో పడేసి 1972 దాకా వదల్లేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది, అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు. బ్యాండ్ కూడా అక్కడితో అయిపోయింది.

కానీ పాటలు పోలేదు. 1990లో ఆర్‌ఈఎం, జెడ్‌జెడ్ టాప్ లాంటి పెద్ద బ్యాండ్లు రాకీ పాటల్ని పాడి ఒక ఆల్బమే తెచ్చాయి. అతను 2019లో పోయాడు. కొత్తగా వినేవాళ్లు యూ ఆర్ గాన్నా మిస్ మీ అనే వాళ్ల పాటతో మొదలెట్టండి, అందులో రాకీ పెట్టే కేకల కోసమైనా.