నైరోబీలో చీకటితో లేచి పాడే నారింజ రంగు పిట్ట ఏది? గింజలు వేస్తే దగ్గరికి వస్తుందా?

నల్లటి తల, కంటిపైన తెల్లటి చార, గొంతు నుంచి పొట్ట దాకా నారింజ రంగు, పైగా రకరకాల పిట్టల గొంతులు. ఈ గుర్తులన్నీ రాబిన్ చాట్ అనే పిట్టవే. నైరోబీలో ఇలాంటివి ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి కాబట్టి తోక మధ్య ఈకలు చూడండి. నల్లగా ఉంటే ర్యూపెల్స్ రాబిన్ చాట్. మట్టిరంగులో ఉండి పిట్ట కాస్త పెద్దగా కనిపిస్తే వైట్ బ్రౌడ్ రాబిన్ చాట్. నైరోబీలోని పార్క్‌ల్యాండ్స్‌లో మేమున్న ఇంటి వెనక తిరిగింది మొదటిదే. మన పెద్ద నల్లంచి కూడా వీటి కుటుంబంలోదే, అందుకే ఆ ఠీవి చూస్తే మనవాళ్లకి ఎక్కడో చూసినట్టుంటుంది.

ఇథియోపియా, ఎరిత్రియా, కెన్యా, ఉత్తర టాంజానియా ఎత్తు ప్రాంతాల అడవులు ఈ ర్యూపెల్స్ రాబిన్ చాట్ సొంత ఊళ్లు. తోటల్లోకి వచ్చినా అడవి అలవాట్లు మాత్రం మానలేదు. వెలుగు తక్కువగా ఉన్నప్పుడే బయటికొస్తుంది, పొద్దెక్కితే పొదల్లోకి దూరిపోతుంది. నైరోబీలోని కరూరా అడవిలో సియాఫు అనే వేట చీమల దండు కదులుతుంటే, వాటికి జడిసి ఎగిరే పురుగుల్ని పట్టుకోవడానికి పక్కపక్కనే గెంతుతూ పోవడం చూశాను. చీమల మీదికి మాత్రం అడుగు వేయదు, తెలివైంది.

పాట సంగతికొస్తే, అనుకరణలో దీన్ని మించింది మా పెరట్లో లేదు. ఫోన్లో కూత విని పిట్టని గుర్తుపట్టే యాప్ పెడితే వరసగా నాలుగు పిట్టల పేర్లు చూపించింది, ఎదురుగా ఉన్నది ఇదొక్కటే! మా పిట్టకి బాగా ఇష్టమైన వరస రెడ్ చెస్టెడ్ కుకూ అనే కోకిలది, అదే పైనుంచి కిందికి దిగే మూడు స్వరాల కూత. వానలొస్తున్నాయని అక్కడివాళ్లు చెప్పుకునేది ఆ కూత వినే. విచిత్రం ఏమిటంటే, ఆ కోకిల రాబిన్ చాట్ల గూళ్లలో కూడా గుడ్లు పెడుతుంది. కోకిల పిల్ల పుట్టగానే అసలు గుడ్లని బయటికి నెట్టేస్తుంది, మిగిలిన దానికి ఈ పిచ్చి తల్లిదండ్రులే మేత తెచ్చిపెడతారు.

ఇక గింజల మాట. వేసినా రాదండి. ఇది తినేది పురుగులు, చెదలు, కొద్దిగా పండ్లు. తోటమాలి రోజూ రాలిన ఆకుల్ని ఊడ్చి తగలబెడుతుంటే మాన్పించండి, దీని మేతంతా ఆ ఆకుల కిందే ఉంటుంది. యూకలిప్టస్ తోపుల్లో ఇది నాకు ఎప్పుడూ కనపడలేదు, కింద పొదలుంటేగా! కరూరాలో ఆ యూకలిప్టస్ తీసేసి దేశవాళీ చెట్లు నాటుతున్నారు, నా దృష్టిలో చాలా మంచి పని. 1999లో ఆ అడవిని కబ్జా కాకుండా కెన్యా పర్యావరణ ఉద్యమకారిణి వంగారి మథాయి దెబ్బలు తిని మరీ కాపాడకపోతే అసలు నాటడానికి జాగా ఎక్కడుండేది?

మీ గోడ వెంబడి ఒక మూల ఊడ్వకుండా వదిలేసి, దగ్గర్లో వెడల్పాటి మూకుడులో రెండు వేళ్ల లోతు నీళ్లు పెట్టండి. పిల్లి ఉంటే మాత్రం నీళ్లు పొదకి కాస్త ఎడంగా పెట్టండి.