గడ్డిపోచ సందేహాలు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: సంక్రాంతికి చూరుకు కట్టే పిచ్చుకల వరికుచ్చు ఇంట్లోనే అల్లుతున్నాం. కాడలు పుటుక్కున విరుగుతున్నాయి, గింజ రాలుతోంది. ఎక్కడ తప్పుతున్నాం?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: కోత ఆలస్యమైంది, కాడ మరీ ఎండింది. వెన్ను, అంటే వరి కంకి, పూర్తిగా పండేదాకా ఆగితే గింజ నిలవదు. ముప్పాతిక వంతు బంగారు రంగుకు తిరిగి, వెన్ను మొదట్లో కాసిని గింజలు పచ్చగా ఉన్నప్పుడే కొడవలితో కోయాలి. మిషన్ కోసిన చేలో కుచ్చుకు పనికొచ్చే కాడ దొరకదు. పైకణుపుకు పైన తుంచి, పోటాకు (వెన్ను కింది చివరి ఆకు) తొడుగు ఒలిచేయండి; కాడ విరిగేది కణుపు దగ్గరే. స్వర్ణ లాంటి పొట్టి రకాలకన్నా పొడుగు రకం దొరికితే అల్లిక సుఖం.

రెండు రోజులు నీడన ఆరబెట్టండి. ఎండలో వేస్తే పెళుసెక్కుతుంది. అల్లే ముందు కాడలకు మాత్రమే తడిగుడ్డ చుట్టి అరగంట ఉంచాలి. వెన్నులు తడిస్తే మొలకో బూజో ఖాయం. తొమ్మిది వెన్నుల్ని మెడ దగ్గర దారంతో కట్టి, మూడేసి కాడల చొప్పున మూడు పాయలుగా జడ అల్లండి. మెలిక మెలికకూ రెండు కొత్త వెన్నులు, గింజలు బయటికి వేలాడేలా కలపాలి. పాయ లావెక్కితే పాత కాడల కొసల్ని వెనక్కి వదిలేయండి. మూరెడు జడకు వంద వెన్నుల దాకా పడతాయి. దాన్ని చుట్టగా చుట్టి బిగించి కట్టండి. ఆరాక కాడ సన్నబడి కట్టు వదులవుతుంది కనుక మర్నాడు మళ్లీ బిగించాలి. ఈ పని చాలామంది మరిచిపోతారు, కుచ్చు జారిపోయేది అందుకే.

జల్లు కొట్టని చోట, పిల్లికి అందని ఎత్తులో, ఫ్యానుకు దూరంగా కట్టండి. కోతకు ముందు మందు కొట్టిన చేని వెన్నులు వద్దు. వార్నిష్ పూసి అమ్మే కుచ్చులు గోడకు అందమే గానీ పిట్టకు తిండి కావు.

ప్రశ్న: గడ్డివెంటి (గడ్డితాడు) పేనుతుంటే చేయి వదలగానే విప్పుకుపోతోంది.

జవాబు: రెండు పాయలకూ విడివిడిగా ఒకే వైపు పురి ఎక్కించి, రెంటినీ కలిపేటప్పుడు ఎదురు వైపు తిప్పండి. ఒకదాని విడుపును ఇంకొకటి పట్టి ఉంచుతుంది. కొత్త పరకను రెండు పాయల్లోనూ ఒకేచోట కలిపితే తాడు అక్కడే తెగుతుంది.

ప్రశ్న: జపాన్‌లో గడ్డివేషం వేసుకుని ఇళ్లకు వచ్చేవాళ్లెవరు?

జవాబు: నమహగే. అకితా ప్రాంతంలోని ఓగా ద్వీపకల్పంలో డిసెంబరు 31 రాత్రి భయంకరమైన ముఖాలు పెట్టుకుని, ‘ఏడ్చే పిల్లలున్నారా?’ అని కేకలేస్తూ వస్తారు. ఒంటి మీది గడ్డిదుస్తు పేరు కెదె. అదీ వరిగడ్డే. చలికి నెగడు వదలని బద్ధకస్తుల కాళ్లకు పడే మచ్చ నమోమి. దాన్ని వలిచేవాడు గనుక నమహగే అని పేరు. 2018లో యునెస్కో జాబితాకెక్కిన ముసుగు దేవతల ఆచారాల్లో ఇదొకటి. కెదె నుంచి రాలిన పోచలు శుభమని నమ్మకం. ఆ రాత్రికి ఇల్లు ఊడవరు.